నోట రాని మంత్రం

"పావుగంట కండ్లు మూసుకుని కూచ్చోనీకి నాకు పావుగంట యాడుండాది?" అన్నాడు నారాయణ బుష్‌కోటు గుండీలు పెట్టుకుంటూ.

భార్య సరోజమ్మకు ఒళ్లు మండింది. దాని వెనకే భయమూ వేసింది. ఆయన యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటు. అరవై ఎనిమిదో సంవత్సరం వేసవి పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. మనిషి ఇంట్లో ఉన్నా తల ఆఫీసులోనే ఉంటోంది. పప్పన్నం కలుపుతూ కూడా ప్రశ్నపత్రాల గురించే మాట్లాడుతున్నాడు. నిన్న తార్నాక చౌరస్తాలో డాక్టరు రాజలింగం బీపీ చూసి బాగా ఎక్కువుందన్నాడు. మందులొక్కటే చాలవన్నాడు. రోజూ కాసేపైనా ఏ పనీ లేకుండా ఊరికే కూర్చోవాలన్నాడు. వచ్చే నెలకీ ఇట్లాగే ఉంటే ఆస్పత్రిలో పడుకోబెట్టక తప్పదన్నాడు. నారాయణకు అన్ని పనులూ వచ్చు, ఊరికే కూర్చోవడం ఒక్కటే రాదు.

పక్కవాటా భారతమ్మ ఒక ఉపాయం చెప్పింది. క్యాంపస్ క్వార్టర్సులో సంస్కృతం మాష్టారొకాయన తీరికలేని వాళ్ల కోసం తేలికైన ధ్యానం నేర్పుతున్నాడట. ముక్కు మూసుకోనక్కర్లేదు, పద్మాసనం వెయ్యనక్కర్లేదు, కుర్చీలో కూర్చుని ఒక మంత్రం అనుకుంటే చాలట.

"సారు రాకుంటే నువ్వే పోయి నేర్చుకో అక్కా. ఇంటికొచ్చి సారుకు నువ్వే నేర్పు," అన్నది భారతమ్మ.

సరోజమ్మ వెళ్లింది. మాష్టారు ఒక్కొక్కరినీ లోపలి గదిలోకి పిలిచి చెవిలో మంత్రం చెప్పాడు. మొదట పెదవులతో మెల్లగా అంటుంటే పోనుపోను అదే లోపలికి దిగుతుందన్నాడు. మధ్యలో కళ్లు తెరవొద్దన్నాడు. మంత్రం మాత్రం ఎవరికీ, కట్టుకున్నవాళ్లకైనా సరే, చెప్పకూడదన్నాడు. ఇక ఇంట్లో ఆయనకు నేర్పేదెట్లా అని ఆమె దిగులుపడింది. అంతకన్నా పెద్ద చిక్కు ఆ మంత్రంలోనే ఉంది.

ఆ మంత్రం 'నారాయణ'.

పెళ్లయిన నాటినుంచి మొగుడి పేరు ఆమె నోట వచ్చింది లేదు. రేషను దుకాణంలో ఇంటి యజమాని పేరడిగితే పక్కనున్న ఆడవాళ్ల చేత చెప్పిస్తుంది. సత్యనారాయణ వ్రతాన్ని కూడా 'స్వామివ్రతం' అనే అంటుంది. అలాంటిది రెండు పూటలా కూర్చుని ఆ పేరునే పిలవాలా?

"ఇంకో మంత్రం ఇయ్యండి సామీ. అది మా ఇంటాయన పేరు," అంది తల వంచుకుని.

మాష్టారు నవ్వాపుకున్నాడు. అది ముందు దేవుడి పేరనీ, ఇచ్చిన మంత్రం మార్చడం పద్ధతి కాదనీ చెప్పాడు. ఆమె ముఖం చూసి జాలిపడి, "బలవంతం మాత్రం వద్దమ్మా. మనసుకు ఏది తేలిగ్గా వస్తే దాన్నే రానియ్యండి," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వసారాలో కుర్చీ వేసుకుని కళ్లు మూసుకుంది. 'నా' దగ్గరే నాలుక మొండికేసింది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ అంతే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, గురువు మంత్రమిచ్చినా నాలుక ఇవ్వడం లేదు. ఏడుపొచ్చింది. అలా దిక్కుతోచక కూర్చుని ఉండగా, ఇన్నేళ్లుగా నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది. 'ఏమండీ.'

దానికి నాలుక ఎదురు చెప్పలేదు. ఏమండీ, ఏమండీ అని మెల్లగా అంటూ పోయింది. పక్కింటి రేడియో, రోడ్డుమీద బస్సుల రొద ఎటో దూరంగా వెళ్లిపోయాయి. కళ్లు తెరిచేసరికి ఒళ్లంతా తేలిగ్గా ఉంది. ఎదురుగా ఆయన కూర్చుని ఉన్నాడు. కాఫీకి ఆలస్యమైపోయిందని కంగారుగా వంటింట్లోకి పరుగెత్తింది.

ఆనాటినుంచి రోజూ అంతే. తనకు హాయిగా ఉంది, అదే ఆమెను కుమిలించింది. ఎవరి ప్రాణం కోసం మొదలుపెట్టిందో ఆ మనిషి మాత్రం ఎప్పటిలాగే ఆఫీసుకు పరుగెత్తుతున్నాడు. ఒకసారి మళ్లీ ధ్యానం మాటెత్తితే, పరీక్షలు కానిమ్మన్నాడు. గురువిచ్చిన మంత్రం వదిలేసినందుకే ఫలం తనదాకా వచ్చి ఆగిపోయిందేమోనని భయపడింది.

నెల తిరిగింది. డాక్టరు దగ్గరికి బయల్దేరుతూ సరోజమ్మ ఒక సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, చెంబు సర్దింది. ఆస్పత్రిలో చేరమంటే అటునుంచి అటే పోవాలని.

రాజలింగం చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు. పట్టీ విప్పి రెండో చేతికి చుట్టి మళ్లీ చూశాడు. సరోజమ్మ సంచిని గుండెలకు హత్తుకుని నిలబడింది.

"మంచిగ దిగింది సార్. ఏం జేసిన్రు?"

సంచి ఆమె చేతుల్లోంచి జారి కిందపడింది. మందేమైనా మార్చారా అని డాక్టరు అడిగాడు. మార్చలేదన్నాడు నారాయణ. ఉప్పు తగ్గించారా అంటే అదీ లేదన్నాడు.

"అయితే నేను చెప్పినట్టు రోజు ఊరికె కూసుంటున్నరన్నమాట," అన్నాడు డాక్టరు.

"ఊరికే కూచ్చోనీకి నాకు యాడ తీరుతాది సార్? ఈమె పొద్దునా సాయంత్రం కండ్లు మూసుకుని ఏమండీ, ఏమండీ అని పిలుస్తానే ఉంటాది. ఏం చెప్తాదో ఏమో అని అన్నీ వదిలేసి ఎదురుగా కూచ్చుంటా. ఇంతవరకూ ఒక్క మాటా చెప్పలేదు."