చెవి మేస్త్రీ టెస్ట్ రైడ్

"ఇది వద్దు. ఇంకోటి చూద్దాం పద," అన్నాడు మేస్త్రీ.

కూతురికి ఒళ్లు మండింది. పొద్దున్నుంచి మూడు షోరూములు తిరిగారు. ఇది ఏడో ఎలక్ట్రిక్ బండి. ఎర్రది చూశారు, నల్లది చూశారు, పెద్ద బ్యాటరీది, చిన్న బ్యాటరీది. అన్నిటికీ ఒకటే మాట.

"ఏదో ఒక వంక చెప్పి వద్దను నాన్నా. ఊరికే వద్దంటే ఎలా?"

"దీనికి ప్రాణం లేదమ్మా."

"బండికి ప్రాణమేంటి నాన్నా! సోమవారం పొద్దున ఆరింటికల్లా నేను డ్యూటీలో ఉండాలి. ఇంటింటికీ తిరిగి రక్తం శాంపిళ్లు తీసే పని. సొంత ఎలక్ట్రిక్ బండి ఉంటేనే రమ్మన్నారు. లేదంటే నా వెనక ఇంకో ఇరవై మంది లైన్లో ఉన్నారు."

మేస్త్రీ తల ఊపాడు గానీ మొహం మారలేదు. మారే మొహం కాదది. బండ్ల మెకానిక్‌గా ముప్పయ్యేళ్లు. ఆ పేటంతా ఆయన్ని చెవి మేస్త్రీ అంటుంది. బండి ఇంకా వీధి మలుపు తిరుగుతుండగానే, షెడ్డులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే దాని జబ్బేమిటో చెప్పేసే మనిషి. ఆయన సరే అననిదే చుట్టుపక్కల ఎవరూ సైడ్ స్టాండు కూడా కొనరు. అలాంటిది సొంత కూతురే ఆయన కాదన్న బండెక్కి తిరిగితే షెడ్డు పరువేం కాను?

సేల్స్ అమ్మాయి వెనక నుంచి అందుకుంది. "అంకుల్, దీని గొప్పే అదండీ. సౌండ్ ఉండదు, వైబ్రేషన్ ఉండదు..."

మేస్త్రీ పట్టించుకోలేదు. బండిని స్టాండు మీద పెట్టి, యాక్సిలరేటర్ తిప్పి, సీటు కింద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"అంకుల్, మీకే చెబుతున్నా!"

కూతురు మోచేత్తో పొడిచింది. ఆయన కళ్లు తెరిచి ఆ పిల్లవైపు తిరిగాడు. "చెప్పేదేదో ఎదురుగా వచ్చి చెప్పమ్మా. వెనక నుంచి మాట్లాడితే నాకు నచ్చదు."

పాపం, ఆ అమ్మాయి గబగబా ముందుకొచ్చి మొదట్నుంచి మొత్తం మళ్లీ అప్పజెప్పింది. ఆయన ఆ పిల్ల మొహంలోకే చూస్తూ, అంతా అయ్యేదాకా ఆగి, "అంతా బాగానే ఉంది. చేతికేమీ తెలియట్లేదు," అన్నాడు.

"ఒక్క రౌండ్ నడిపి చూడు నాన్నా. అప్పటికీ వద్దంటే నేను నోరెత్తను, సరేనా?"

హెల్మెట్లు పెట్టుకుని బయల్దేరారు. మేస్త్రీ ముందు, కూతురు వెనక. నడినెత్తిన ఎండ, రోడ్డు మీద తారు కరుగుతోంది. అంత ఎండలోనూ బండి మాత్రం నీళ్ల మీద పోయినట్టు పోతోంది. కూతురికి ప్రాణం లేచొచ్చింది.

"ఎలా ఉంది నాన్నా?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"మెత్తగా పోతోంది కదూ?"

ఊహూఁ. అలిగాడనుకుంది. ఈమధ్య ఆయనకి అలకలు ఎక్కువయ్యాయి. షెడ్డు గుమ్మంలో నిలబడి నాలుగుసార్లు పిలిచినా తిరిగి చూడడు. సరేలెమ్మని తనూ ఊరుకుంది.

వంతెన కింద రోడ్డు ఇరుకయ్యే చోట వెనక నుంచి హారన్ మోగింది. కూతురు తిరిగి చూస్తే నీళ్ల ట్యాంకరు! వాలులో ఆగేట్టు లేదు. డ్రైవరు ఆపకుండా హారన్ కొడుతూనే ఉన్నాడు. మేస్త్రీ మాత్రం రోడ్డుకి నట్టనడుమ తీరుబడిగా పోతున్నాడు.

"నాన్నా, పక్కకి! పక్కకి తియ్ నాన్నా!"

ఆయన కదల్లేదు. కూతురు ఆయన భుజం మీంచి ముందుకి దూకినట్టు వంగి, హ్యాండిల్ పట్టుకుని ఒక్క లాగు లాగింది. బండి ఫుట్‌పాత్ ఎక్కి గోడకి కొట్టుకుని ఆగింది. ట్యాంకరు రాసుకుంటూ పోయింది. ఊడిపడ్డ సైడు అద్దం దాని చక్రాల కింద పిండయిపోయింది.

మేస్త్రీ ఆ అద్దం ముక్కల్నే చూస్తూ నిలబడ్డాడు.

బండిని తోసుకుంటూ షోరూముకి వచ్చారు.

"ఈ బండి నాకొద్దు," అంది కూతురు. "వెనక హారన్ చెవులు బద్దలయ్యేలా మోగుతుంటే మా నాన్న పక్కకి తియ్యలేదంటే, హ్యాండిలే పట్టేసి ఉంటుంది. ముప్పయ్యేళ్ల సర్వీసు ఆయనది, ఆయన తప్పు చెయ్యడు. కంప్లైంటు రాయండి, నేను సంతకం పెడతా."

సేల్స్ అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. "మేడమ్, అలా రాస్తే ముందు నన్ను ఇంటికి పంపిస్తారు..."

"రాయండి!" అని తండ్రివైపు తిరిగింది కూతురు. కళ్లలో నీళ్లు. "నువ్వే గెలిచావు నాన్నా. ఉద్యోగం పోతే పోయింది. ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు."

మేస్త్రీ ఊరుకుంటే సరిపోయేది. ఆయన మాటే నెగ్గింది, పరువూ నిలిచింది. కానీ ఆయన సేల్స్ అమ్మాయి చేతిలోంచి పెన్ను తీసుకుని బల్లమీద పెట్టేశాడు. బండి తాళం కూతురి అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"బండిలో ఏ తప్పూ లేదు. ఇదే తీసుకో. నువ్వే నడుపు."

"మరి వాడు అంత హారన్ కొడుతుంటే నువ్వెందుకు పక్కకి తియ్యలేదు?"

మేస్త్రీ కూతురి పెదాల మీంచి చూపు తిప్పుకుని తల దించుకున్నాడు.

"మన షెడ్డుకొచ్చే పెట్రోలు బండ్లు కూడా నాకు ఇలాగే చప్పుడు చెయ్యడం మానేసి ఆర్నెల్లయింది తల్లీ."