వదిన చీటీ

కానుకలన్నీ పంచేశారు. కొత్తకోడలి చేతులు మాత్రం ఖాళీగానే ఉన్నాయి.

పెద్దాడపడుచు ఒళ్లో రెండున్నాయి. ఒకటి తమ్ముడు కొన్న గొడుగు. రెండోది కొత్తకోడలు కుట్టిన బొంత. తను పనిచేసే టైలరింగ్ షాపులో మిగిలిన గుడ్డముక్కలు ఏరుకొచ్చి, నెల్లాళ్లు నడుం పడిపోయేలా కుట్టింది దాన్ని.

"నాకెవరూ ఏమీ తేలేదా?" అంది కొత్తకోడలు నవ్వుతూనే.

"ఎవరో మర్చిపోయుంటారులే. చిన్నపిల్లవా ఏమిటి?" అన్నాడు భర్త, కొత్త మఫ్లరు మెడకు చుట్టుకుంటూ.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఎవరో ఏమిటి? ఐదుగురం, డబ్బాలో ఐదు చీటీలు. ఎవరి చీటీ వస్తే వాళ్లకు కొనాలన్నారు. నా చీటీ ఈ ఇంట్లోనే ఎవరికో వచ్చుంటుందిగా! నేను గిట్టకపోతే ఆ ముక్క మొహం మీదే చెప్పండి!"

అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది. మొదటి భార్య పోయిన రెండేళ్లకు కొడుకు ఈమెను చేసుకున్నాడు. ఆవిడ పోయాక సెలవుల్లో ఇలా చీటీలు వేసుకోవడం మళ్లీ ఇదే. పెళ్లయి పది నెలలు నిండినా, చిన్నాడపడుచు ఈమెను ఒక్కసారైనా నోరారా 'వదినా' అన్న పాపాన పోలేదు. దేనికైనా 'ఇదిగోండి', 'ఏమండీ'. కొత్తకోడలి కడుపుమంటంతా అదే.

"నీకొచ్చిన చీటీ ఏదీ, ఇలా ఇవ్వు," అంది పెద్దాడపడుచు.

పర్సులోంచి తీసి ఇచ్చింది. 'వదిన' అని ఉంది.

"నాకు వదినంటే మీరేగా!"

పెద్దాడపడుచు పగలబడి నవ్వింది. "ఓసి పిచ్చి మొద్దూ! చీటీలు రాసింది మా చిన్నది. అది ఎవర్నేమని పిలుస్తుందో అదే రాస్తుంది. అమ్మకు 'నేను' అని వచ్చింది. అమ్మ తనకు తానే కొనుక్కుందా? చిన్నదానికి కొంది. మరి చిన్నదానికి వదినంటే ఎవరు? నువ్వే! నీ చీటీ నువ్వే తీసుకుని, నెల్లాళ్లు నాకు చాకిరీ చేశావు!"

గదంతా గొల్లుమంది. అత్తగారు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

కొత్తకోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కానుక రాకపోతే పీడా పోయింది. వదిన అని రాసింది! నోటికి రాకపోయినా ఆ పిల్ల మనసులో ఉందన్నమాట. ఇందాక తనన్న మాటలకు సిగ్గుతో చచ్చిపోయింది. చీటీ వెనక్కి తీసుకుని, మడత సాపు చేసి మళ్లీ చదువుకుంది.

అంతలో చిన్నాడపడుచు వంటింట్లోంచి కోసిన పళ్లతో వచ్చింది. కొత్తకోడలు ఎదురెళ్లి పళ్లెం అందుకుంది.

"నీ మనసు తెలియక నోరు పారేసుకున్నానమ్మా. రాసిన మాట ఒక్కసారి నోటితో అనకూడదూ?" అంటూ చీటీ ఆమె చేతిలో పెట్టింది.

చిన్నాడపడుచు చదివింది. వెనక్కి తిప్పింది. ఏటికేడు ఆ ఏటి క్యాలెండరు కాగితమే కత్తిరించి, వెనకవైపు రాయడం ఆమెకు అలవాటు. తేదీల పైన అచ్చయిన సంవత్సరం చూసి మొహం పాలిపోయింది.

"ఇది మూడేళ్ల కిందటిదండీ. అప్పుడెవరో చూసుకుని మళ్లీ డబ్బాలోనే వేసుంటారు, అడుగున ఉండిపోయినట్టుంది. ఇది... మా వదిన చీటీ," అంటూ దాన్ని గుప్పిట్లో దాచుకుంది.

అత్తగారు మళ్లీ కళ్లజోడు తీసింది.

"మరి నా చీటీ?" అంది కొత్తకోడలు, పళ్లెం పట్టుకునే.

"ఏమీ అనుకోకండి," అంది చిన్నాడపడుచు తల దించుకుని. "రాసేటప్పుడు మీరు గుర్తుకే రాలేదు."