ఆపిన చెయ్యి

పన్నెండు వేల గుడ్లు చల్లబడిపోయాయి. రేపటికి పిల్లలు కావలసినవి.

హేచరీ యజమాని పట్నం ఆఫీసులో ఇంజనీరు కుర్చీ వెనకే నిలబడి, నిన్న సాయంత్రం హేచరీలో కంప్యూటర్ ఆపిన వెధవ ఎవడో ఇప్పుడే తేల్చమన్నాడు. గుడ్లకు వేడి పెట్టే యంత్రాలన్నీ నడిచేది దాని మీదే.

పొద్దున మళ్ళీ ఆన్ చేయించిన ఆ కంప్యూటర్‌ని ఇక్కణ్ణుంచే నడపడానికి ఇంజనీరు వీఎన్‌సీ తెరిచాడు. నలభై కిలోమీటర్ల అవతలి హేచరీ తెర ఇతని తెరంతా పరుచుకుంది. ఇతని సొంత కంప్యూటర్ దాని కింద ఎక్కడో దాక్కుంది. ఇక్కడ మౌస్ కదిపితే అక్కడ బాణం కదిలింది. రోజూ చేసే పనే. ఇవాళ మాత్రం ప్రతి నొక్కుకీ ముందు ఒకసారి ఆగి చూసుకున్నాడు.

అక్కడి రికార్డులో దొరికింది. కరెంటు పోలేదు. ఐదూ యాభై ఎనిమిదికి ఎవరో మెనూలోకి వెళ్ళి, పద్ధతిగా 'షట్‌డౌన్' నొక్కారు.

"ఆ టైములో కంప్యూటర్ గదిలో ఎవరున్నారు?" యజమాని అడిగాడు.

ఒక్కడే ఉన్నాడు. ఇంజనీరుకి స్వయానా బాబాయి. ఈ ఉద్యోగం వేయించిందీ, హేచరీ వెనక గదిలో కాపురం పెట్టించిందీ ఇంజనీరే.

ఫోన్ స్పీకర్లో పెట్టారు. అటు తిరిగి ట్రేలు సర్దుతున్నాననీ, ఇటు తిరిగేసరికి తెర నల్లగా ఉందనీ బాబాయి చెప్పాడు. మరి తెల్లవార్లూ నోట్లో ఏం పెట్టుకున్నావని యజమాని గద్దించాడు.

"మావాడు చెప్పాడండి. తెర ఏమైపోయినా నువ్వు చెయ్యి పెట్టకు, ఇక్కణ్ణుంచి నేను చూసుకుంటానని. ఏదో రిపేరు చేస్తున్నాడనుకున్నా." గొంతు తగ్గింది. "నువ్వే చెప్పరా అబ్బాయ్. నాది ఆ మౌస్ ముట్టుకునే మొహమేనా?"

యజమాని ఇంజనీరు వైపు తిరిగాడు. "అప్పుడు నువ్వేమైనా చూస్తున్నావా?"

"లేద్సార్. అప్పుడే నా కంప్యూటర్ ఆపేసి ఇంటికి బయల్దేరా."

యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు తెచ్చిన మనిషి. నీ మాటే వింటా. అతనైతే సాయంత్రానికల్లా గది ఖాళీ చెయ్యాలి. అతను కాదంటావా, మరెవరో నువ్వే చూపించు. ఎవరు?"

ఫోన్లో బాబాయి ఊపిరి వినిపిస్తోంది.

నిన్న తను ఆపేశాననుకుని వెళ్ళిన తన కంప్యూటర్ పొద్దున వచ్చేసరికి వెలుగుతూనే ఉండడాన్నీ, దాని మీద 'ఐదూ యాభై ఎనిమిది, హేచరీతో కనెక్షన్ తెగింది' అని ఉన్న వాక్యాన్ని ఎవరూ చూడకముందే తను చెరిపెయ్యడాన్నీ మింగేసి, ఇంజనీరు "బాబాయే సార్" అన్నాడు.