పదకొండో చీటీ

గడియారమ్మ మోకాళ్ళ మీద కూర్చుని అప్పటికి పావుగంటైంది. ప్రార్థన గది తలుపుకి గొళ్ళెం పెట్టి ఉంది. ఫోను తువ్వాల్లో చుట్టి సంచి అడుగున పడేసింది. పక్క హాల్లో చర్చి పాటల బృందం ఒకే పాటని మూడు శ్రుతుల్లో సాధన చేస్తోంది. ఈగ ఒకటి ఆమె ముక్కు మీద వాలింది, లేచింది, మళ్ళీ వాలింది. ఆమె చెయ్యి కదల్చలేదు.

ఆమె అసలు పేరు సంఘంలో సగం మందికి తెలియదు. శుక్రవారం గొలుసు ప్రార్థనలో మనిషికో గంట. నాలుగు నుంచి ఐదు దాకా ఆమెది. ఏడేళ్ళలో ఒక్క శుక్రవారం తప్పలేదు, ఒక్క నిమిషం ముందు లేవలేదు. కిందటేడు ఇదే గంటలో కూతురికి నొప్పులు మొదలయ్యాయని ఎవరో కబురు తెస్తే, "నేను పోతే బిడ్డ గబగబా పుడుతుందా ఏంటి?" అని పంపేసింది.

ఎదురుగా చెక్కపెట్టెలో చీటీలు. వాటి మీద పేర్లు రాయకూడదు. ఎవరిదని ఆరా తీయకూడదు. జవాబొచ్చిన చీటీ చించేస్తారు. రానిదాన్ని రాసినవాళ్ళే వచ్చేవారానికి కొత్తగా రాసి వేసుకోవాలి.

ఈ వారం పదకొండు. పదకొండోది ఏళ్ళ తరబడి వస్తున్న చీటీ. ఒకటే వాక్యం.

"ఎవరి మొరో గానీ, దేవుడికే విసుగొచ్చి ఇచ్చెయ్యాలిక" అంటుంది ఐదింటి వంతుకి వచ్చే నర్సు. గడియారమ్మ నవ్వదు. మధ్యలో గంట తెగితే ఆ చీటీకి రావలసిన జవాబు మళ్ళీ మొదటికొస్తుందని ఆమె గట్టి నమ్మకం. అందుకే దాన్ని ఎప్పుడూ చివరికి ఉంచుకుంటుంది.

నాలుగో చీటీ, ఎవరికో కిడ్నీలో రాయి, పూర్తవుతుండగా తలుపు మీద దెబ్బ పడింది.

"అక్కా!"

గడియారమ్మ నాలుగో చీటీ పక్కన పెట్టింది.

చెల్లెలు. అమ్మ సమాధి మీద మట్టి ఆరకముందే అమ్మ కుట్టుమిషను ఎత్తుకెళ్ళిన చెల్లెలు. ఆ తర్వాత బజారులో ఎదురుపడినా ఒకరిది ఈ పక్క, ఒకరిది ఆ పక్క.

"ఈ టైముకి ఇక్కడే ఉంటావని తెలిసే వచ్చా. ఇంటికొస్తే బావగారిని ముందు నిలబెట్టి నువ్వు గదిలో దూరతావు. తలుపు తియ్యి."

గడియారమ్మ ఐదో చీటీ తీసి, గొంతు పెంచి ప్రార్థన మొదలుపెట్టింది.

"దేవుడికేం చెవుడు లేదులే, అంత అరవక్కర్లేదు. నేనే వినాలనైతే వింటున్నా."

పక్క హాల్లో పాట ఆగిపోయింది. వాళ్ళకి ఇది పాటకన్నా బాగుంది.

"ఇది నా గంట" అటు తిరగకుండానే కసిరింది గడియారమ్మ. "ఐదు దాటాక రా."

"ఐదింటికి మా బస్సు. ఆయనకి బదిలీ అయింది. సామానంతా పొద్దున్నే వెళ్ళిపోయింది. ఒక్క నిమిషం."

"ఒక్క నిమిషమే! సైతాను కూడా అంతకన్నా అడగడు."

"ఓహో, సైతాన్నయ్యానా? సరే. ఈ సైతాను అమ్మ మిషను తెచ్చింది. దింపించుకో."

ఆరో చీటీ ఆమె వేళ్ళ మధ్య నలిగింది. ఇన్నేళ్ళు లేనిది, సరిగ్గా ఈ గంటలోనే రావాలా? శోధన. నూటికి నూరుపాళ్ళు సైతాను శోధనే. ఎక్కడ కొడితే తను లేస్తుందో వాడికి బాగా తెలుసు.

"నీ కుట్లన్నీ అయ్యాక, అరిగిపోయాక ఇప్పుడు ఇస్తావా? తుక్కువాడికి వేసుకో!"

"ఆ నోటితోనేనా ఊరందరి కోసం ప్రార్థనలు?" తలుపు మీద ఇంకో దెబ్బ పడింది. కోపమో ఇంకేదో. "అమ్మ ఊరికే అనలేదు, పెద్దదానికి మోకాళ్ళు వంగుతాయి గానీ మెడ వంగదని."

గడియారమ్మ ఒక మోకాలు నేల మీంచి లేచింది. తలుపు తీసి ఆ చెంపా ఈ చెంపా వాయించాలనిపించింది. అంతలో పెట్టెలో మిగిలిన చీటీల అడుగున పదకొండోది కనబడింది. లేచిన మోకాలు మళ్ళీ నేలకి ఆనింది.

"పో! నీలాంటిదాని కోసం దేవుడి పని ఆపను."

తలుపవతల గడప దగ్గర ఏదో బరువైనది దించిన చప్పుడు. చెప్పుల చప్పుడు. వీధిలో బండి కదిలిన చప్పుడు.

ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది.

పదకొండో చీటీ దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే ఆమెకి దుఃఖం పొంగుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ ప్రార్థించింది. గోడ గడియారం ఐదు కొట్టాకే లేచి గొళ్ళెం తీసింది.

నర్సు గడప బయటే నిలబడిపోయి ఉంది.

"దారికడ్డంగా ఇదేంటండీ?"

"ఎవరో పడేసి పోయారు."

"ఎవరో తలుపు బాదారంటున్నారు పాటలవాళ్ళు. మీ గంట తెగలేదు కదా?"

"తెగనిస్తానా?" అంది గడియారమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

నర్సు పక్కనుంచి ఒదిగి లోపలికెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది.

వరండాలో ఎవరూ లేరని చూసుకుని, గడియారమ్మ సంచిలోంచి పెన్నూ కాగితం ముక్కా తీసి, అమ్మ మిషను చెక్క మూత మీద ఆనించి, వచ్చే శుక్రవారం పెట్టెలో వేయడానికి ఎప్పటిలాగే ఆ ఒక్క వాక్యం రాసుకుంది: "ప్రభువా, మా చెల్లి తనంతట తానే నా దగ్గరికొచ్చి నన్ను అక్కా అని పిలవాలి."