ఏనుగు మామ కొలత

అడవిలో భూమి కంపించిన ఒక పొద్దున పందికొక్కు బొరియ కూలి, పెద్ద బండ దాని నడుం మీద పడింది. పొట్ట కింద పిల్లలున్నాయి. "కాపాడండయ్యా!" అని అది గొంతు చించుకుంటూనే ఉంది.

పైన మాత్రం పంచాయితీ జోరుగా సాగుతోంది. కుందేలు ప్రళయమే వచ్చిందంటోంది. బురదలో పడుకున్న అడవిదున్న అసలేమీ రాలేదంటోంది.

"ఎవరికి తోచింది వాళ్ళు చెబితే ఎలా? అడవంతటికీ ఒకటే కొలత ఉండాలి" అంది ఎలుగుబంటి. "ఏనుగు మామ ఎన్ని అడుగులు తూలితే భూకంపం అంత!"

జంతువులన్నీ ఏనుగు వైపు తిరిగాయి.

"నేనసలు తూలలేదే" అంది ఏనుగు.

"అయితే సున్నా!" అని ఎలుగుబంటి తీర్పు చెప్పేసింది.

ఆ మాట వినేసరికి పందికొక్కుకు ఒళ్ళు మండిపోయింది. "అయ్యా, ఆ సున్నాను కాస్త నా నడుం మీంచి తీయండి!" అని కెవ్వున అరిచింది.

అప్పుడు గానీ దాని గోడు ఎవరి చెవికీ ఎక్కలేదు. ఏనుగు పరుగున వచ్చి తొండంతో బండను పెకలించింది. ఆ బరువుకి ఒక అడుగు వెనక్కి తూలింది కూడా.

పందికొక్కు వణుకుతున్న పిల్లలను ఒక్కొక్కటిగా నాకుతుంటే, వెనక ఎలుగుబంటి గొంతు ఖంగుమంది.

"సవరణ! భూకంపం ఒకటి!"