శుక్రవారం గుడ్లు

ఆ శుక్రవారం సాయంత్రం గంట మోగలేదు.

చేపలూ బంగాళాదుంప ముక్కలూ వేయించి అమ్మే డాకర్ వ్యాన్ ఇక తమ ఊరికి రాదని అందరికీ అర్థమైంది. అసలు కారణం మాత్రం ఎనిమిదేళ్ల బెరిల్ ఒక్కదానికే తెలుసు.

అంతకు ముందు ఆ గంట వినబడితే చాలు, ఇంటింటా ఆడవాళ్లు పళ్లేలు ఓవెన్‌లో వెచ్చబెట్టేవారు. డాకర్ మూకుట్లో తేలిన పిండి పలుకుల్ని ఊళ్లో పిల్లలకి కాగితంలో ఊరికే పోసిచ్చేవాడు. బెరిల్‌కి ఓ గుప్పెడు ఎక్కువ.

"ఈ పిల్లకి కడుపులో ఇంకో గది ఉన్నట్టుందే!" అనేవాడు.

ఆ ఏడు పంటల పండుగకి చర్చిలో బల్ల మీద బుట్టలో ప్లమ్ పళ్లు పేర్చారు. పేర్చింది బెరిల్ వాళ్లమ్మే. ఎవరూ లేనప్పుడు బెరిల్ సగం బుట్ట ఖాళీ చేసింది. అన్నీ పచ్చికాయలు. తెల్లవారేసరికి వాంతులు.

"ఏం తిన్నావే?" అమ్మ నిలదీసింది.

"వ్యాన్ చేప."

చిన్న ఊరు. మధ్యాహ్నానికల్లా ఆ మాట ప్రతి గడపా తొక్కింది. తర్వాతి శుక్రవారం గంట చాలాసేపు మోగింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. చివరికి డాకర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని బెరిల్ వాళ్లింటికొచ్చాడు.

"పాపకెలా ఉందమ్మా? పొద్దున రేవు నుంచి తెచ్చిన చేపేనమ్మా. ఒట్టు."

అమ్మ తలుపు సగమే తీసింది. బెరిల్ మెట్ల మీద కూర్చుని వింటోంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

డాకర్ వ్యాన్ అమ్మేసి రాళ్ల క్వారీలో చేరాడు. బెరిల్ చదువు ముగిసేలోపే ఆ దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది.

ఈ రోజు, డెబ్భై దాటిన బెరిల్ నల్లకోటు వేసుకుని పట్నంలో ఒక చర్చి బయట నిలబడి ఉంది. భర్త నెవిల్‌ని ఇందాకే మట్టిలో పెట్టి వచ్చారు. గేటు దగ్గర ఒక చేపల వ్యాన్ ఆగి ఉంది. నల్లబట్టల్లో జనం దాని ముందు వరస కట్టారు. అది నెవిల్ చివరి కోరిక.

"నలభై ఆరేళ్లు నోరు కట్టుకున్నాను. కనీసం నా చావుకైనా తెప్పించవే," అన్నాడు ఆసుపత్రి మంచం మీద, నవ్వుతూ.

పెళ్లయిన నాటి నుంచీ అతను ఇంట్లోకి చేప రానివ్వలేదు. శుక్రవారం వస్తే తానే పొయ్యి దగ్గర నిలబడి బెరిల్‌కి గుడ్లు వేయించి పెట్టేవాడు. ఒక్క వారమూ తప్పలేదు.

"అదృష్టవంతురాలివే తల్లీ," అంది పొరుగింటి డోరీన్, వెనిగర్ అంటిన వేళ్లు నాక్కుంటూ. "నాకు పడదంటే మా ఆయన నా వాటా కూడా లాగించేసేవాడు! ఇంతకీ నీకు చేప ఎందుకు పడదు?"

"చిన్నప్పుడు జబ్బు చేసింది."

"చేప వల్లేనా?"

బెరిల్ చేతిలో పొట్లం ఇంకా వెచ్చగానే ఉంది.

మొదటిసారి కలిసిన రోజునే "మా నాన్న చేప నిన్ను చంపినంత పని చేసింది, క్షమించు" అని తల వంచుకున్న నెవిల్ డాకర్‌కి, ఆ ప్లమ్ పళ్ల సంగతి ఆమె చెప్పనేలేదు.