జలపాతం కింది కప్పు

రాయిస్ నిజంగానే ఆ వాగు లోయ గుండా ఆడమ్స్ కొండమీది మంచునది దాకా ఎక్కాడా అన్న అనుమానం వెండెల్‌ను పన్నెండేళ్లుగా తొలుస్తోంది. కొండలెక్కేవాళ్ల సంఘం ఆ దారికి రాయిస్ పేరే పెట్టింది మరి.

ఇవాళ ఇద్దరూ బాటలేని ఆ వాగులో నడుస్తుంటే నిలువు జలపాతం అడ్డొచ్చింది. దాని కింద ఒక కొమ్మకు, వెండెల్ పేరు చెక్కిన రేకు కప్పు వేలాడుతోంది.

"నా దగ్గర్నుంచి తీసుకెళ్లిన కప్పు పైన మంచునది దగ్గర మర్చిపోయానన్నావు కదరా!"

"మంచు కదులుతుందిరా. అదే మోసుకొచ్చుంటుంది."

"తెచ్చి, కొమ్మకు తగిలించి పోయిందా?"

రాయిస్ తల దించుకున్నాడు. "ఆ రోజు ఇక్కణ్ణుంచే వెనక్కొచ్చేశాను."

"దేవుడంటే భయం లేదురా నీకు?"

"మరుసటేడు నువ్వూ ఈ దారినే పైకెక్కానని సంఘం పుస్తకంలో రాశావుగా. అప్పుడు ఈ కప్పు కనపడలేదా?"

రాయిస్ కప్పు తీసి, తుప్పు తుడిచి, వెండెల్ చేతిలో పెట్టాడు.